గల్లా పెట్టె తాళంచెవి

బుధవారం, రాత్రి

పొద్దున షాపుకి వెళ్తూ చంచల్‌గూడ జైలు దగ్గరి పెట్రోల్ బంకులో ఆగాను. జైళ్ల శాఖ నడిపే బంకు అది. పెట్రోల్ కొట్టేవాళ్లలో ఖైదీలూ ఉంటారు, విడుదలైనవాళ్లూ ఉంటారు. "జీరో చూసుకోండి సార్" అన్నాడు ఒక నడివయసు మనిషి. ఏ కేసులో లోపలికెళ్లాడో గానీ, మా ఇంటి దగ్గర బంకులో అయితే ఆ మాట ఎవరూ అనరు. మనమే మెడ సాచి చూసుకోవాలి.

బండి స్టార్ట్ చేస్తుంటే శనివారం పాస్టర్ గారు చేసిన ఫోన్ గుర్తొచ్చింది. "బ్రదర్, ఒకతను ఉన్నాడు. చర్లపల్లి జైల్లో ఐదేళ్లుండి వచ్చాడు. వడ్రంగం లోపలే నేర్చుకున్నాడు. మీ షాపులో ఏమైనా..." అన్నారు. "చూద్దాం అయ్యగారూ" అన్నాను. నా 'చూద్దాం'కి అర్థమేంటో ఆయనకి బాగా తెలుసు.

పోయిన క్రిస్మస్‌కి మా సంఘం వాళ్లం జైలుకెళ్లాం. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేసి, కేకులు పంచి, పాటలు పాడి వచ్చాం. ఇరవై ఏళ్లు కూడా ఉండవు, ఒక కుర్రాడు నా చెయ్యి పట్టుకుని "బెయిల్ వచ్చింది అంకుల్, షూరిటీలే దొరకట్లేదు" అన్నాడు. "ప్రార్థన చేస్తాం బాబూ" అని ఇంకో కేకు ముక్క చేతిలో పెట్టాను. మన దేశపు జైళ్లలో నలుగురిలో ముగ్గురు ఇలా విచారణలో ఉన్నవాళ్లేనట. డబ్బు కట్టలేక ఆగిపోయిన పేద ఖైదీలకి సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచీ ఉందని నాకు ఈమధ్యే తెలిసింది. ఆ రోజు తెలిసుంటే అక్కడ ఎవరో ఒకరి చెవిన వేసేవాణ్ణి. ఆ కుర్రాడి పేరైనా అడగలేదు.

సాయంత్రం గృహ కూడికలో, అంటే ఇంట్లో జరిగే ప్రార్థనలో, ఫిలేమోను పత్రిక చదివారు. బైబిల్లో పౌలు రాసిన ఉత్తరం అది. అంతా కలిపి 25 వచనాలు. ఒనేసిము అనే దాసుణ్ణి మళ్లీ ఇంట్లోకి రానివ్వమని పౌలు అతని యజమానికి రాస్తాడు. నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, నేనే తీరుస్తాను అని సొంత చేత్తో రాసిస్తాడు. చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఈరోజు మాత్రం అది అచ్చం షూరిటీ సంతకంలా వినిపించింది. అదీ, తానే సంకెళ్లలో ఉన్న మనిషి పెట్టిన సంతకం! ఇంకెవరో ఏదో సాక్ష్యం చెప్పారు, నాకు బుర్రకెక్కలేదు.

అన్నం తింటూ పాస్టర్ గారు చెప్పిన మనిషి సంగతి మా ఆవిడకి చెప్పాను. గల్లా దగ్గర కూర్చునేది తనే కాబట్టి భయపడుతుందనుకున్నాను. పెరుగు వడ్డిస్తూ, "మొన్న మూడు వేలు పట్టుకుపోయాడే, ఆ కుర్రాడు ఏ జైలు నుంచి వచ్చాడండీ?" అంది. వాణ్ణి తెచ్చింది నేనే, మా దూరపు చుట్టం.

తొమ్మిదిన్నరకి అయ్యగారికి ఫోన్ చేశాను. "రేపు పదింటికి రమ్మనండి. డ్రెస్సింగ్ టేబుల్ పనొకటి ఆగిపోయి ఉంది."

"కూలి ఎంతని చెప్పమంటారు బ్రదర్?"

ఒక్క క్షణం ఆగాను. "మిగతావాళ్లకి ఇచ్చేదే" అన్నాను.

గల్లా పెట్టె తాళంచెవి ఎప్పుడూ షాపులో గోడమేకుకే వేలాడుతుంటుంది. ఈ రాత్రి మాత్రం షాపు కట్టేసేటప్పుడు తెచ్చేసుకున్నట్టున్నాను, నా చొక్కా జేబులో ఉంది.