ఏడో ఆకు

రథసప్తమినాడు ఇంకా చీకటి ఉండగానే మా నాన్నమ్మ మమ్మల్ని లేపి నూతి గట్టు మీద వరసగా కూర్చోబెట్టేది. ఆమదాలవలస పక్క పల్లె మాది. మాఘమాసపు చలి, పైగా నూతి నీళ్ళు. తల మీద ఒక జిల్లేడాకు, దాని మీద ఓ రేగుపండు, భుజాల మీద రెండాకులు, మోకాళ్ళ మీద రెండు, పాదాల మీద రెండు. మొత్తం ఏడు. చెంబు ఎత్తేలోపే నా పాదం మీద ఆకు జారిపోయేది. "కదలకురా గుంటడా, ఆకు పడిపోతే ఓ పాపం నీకాడే ఉండిపోద్ది" అనేది. ఏ పాపమో చెప్పేది కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు. ఎనిమిదేళ్ళ వాడి పాపాలు ఆవిడకి తెలియనివా? ఉట్టి మీద బెల్లం, పక్కింటి జామకాయలు.

ఆ ఏడింటికీ శ్లోకంలో వేరువేరు పేర్లున్నాయని చాలా ఏళ్ళకి గానీ నాకు తెలియలేదు. స్నానం చేస్తూ చదివే శ్లోకాలు ఇవి:

యద్యజ్జన్మకృతం పాపం మయా జన్మసు సప్తసు
తన్మే రోగం చ శోకం చ మాకరీ హంతు సప్తమీ

ఏతజ్జన్మకృతం పాపం యచ్చ జన్మాంతరార్జితమ్
మనోవాక్కాయజం యచ్చ జ్ఞాతాజ్ఞాతే చ యే పునః

ఇతి సప్తవిధం పాపం స్నానాన్మే సప్తసప్తికే
సప్తవ్యాధిసమాయుక్తం హర మాకరి సప్తమి

రెండో శ్లోకంలోనే ఉంది లెక్కంతా. ఈ జన్మలో చేసింది ఒకటి, వెనకటి జన్మల్లో మూటగట్టుకున్నది రెండు. మనసుతో, మాటతో, ఒంటితో చేసినవి కలిపితే ఐదు. తెలిసి చేసింది ఆరు, తెలియక చేసింది ఏడు. నిజానికి ఇదేమీ శుభ్రమైన పద్దు కాదు. నిన్న సాయంత్రం తెలిసీ తెలిసీ ఒక అబద్ధం ఆడాననుకోండి, అది ఈ జన్మలోదే, మాటతో చేసిందే, తెలిసి చేసిందే. ఒక్క అబద్ధానికి మూడు ఆకులు! శ్లోకం రాసినాయనకి కూడికలు రాక కాదు. ఎటువైపు నుంచి లెక్కేసుకున్నా తప్పించుకునే సందు లేకుండా అలా కట్టాడనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతి. పండుగ సూర్యుడిది, మొక్కేది సూర్యుడికి, కానీ ఈ స్నాన శ్లోకంలో పిలిచేది ఆయన్ని కాదు. 'మాకరి సప్తమి' అని తిథిని పిలుస్తున్నాం. మకరమాసంలో వచ్చే సప్తమీ, నువ్వే తీసెయ్యి అని. ఒక రోజునే తల్లిలా పిలిచి అడగడం మన శ్లోకాల్లో అరుదుగా కనిపించే ముచ్చట. సూర్యుడి వంతు ఆ తరవాత, అర్ఘ్యం దగ్గర వస్తుంది. 'సప్తసప్తివహప్రీత సప్తలోకప్రదీపన, సప్తమీసహితో దేవ గృహాణార్ఘ్యం దివాకర'. అక్కడా ఆయన ఒంటరిగా లేడు, సప్తమితో కలిసే వచ్చి అర్ఘ్యం పుచ్చుకోమంటున్నాం. సప్తి అంటే గుర్రం. ఏడు గుర్రాలవాడు గనక ఆయన సప్తసప్తి. ఆ ఏడూ గాయత్రి మొదలైన ఏడు ఛందస్సులని పురాణం. ఋగ్వేదమైతే ఒంటిచక్రపు రథాన్ని ఏడు పేర్లున్న ఒకే గుర్రం లాగుతోందని కూడా అంటుంది. ఈ ఏడుని ఇంద్రధనుస్సు రంగులకి ముడిపెట్టి మురిసిపోయేవాళ్ళున్నారు. వాళ్ళ సంతోషాన్ని కాదనను గానీ, ఆ ముడి లేకపోయినా పండుగకి వచ్చిన లోటేమీ లేదు.

జిల్లేడు సంగతీ అంతే. ఆ ఆకులో ఏవో గుణాలున్నాయని, అవి మాడులోంచి ఇంకుతాయని ఏటా ఎవరో ఒకరు ఫోనుకి పంపుతూనే ఉంటారు. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. నాన్నమ్మకి ఆ జాగ్రత్త తెలుసు. ముందురోజు సాయంత్రమే ఆకులు కోయించి, తొడిమల దగ్గర పాలు కారిపోయాక కడిగి పెట్టేది. మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ ఒక్కటీ మరవకండి. ఇంతకీ జిల్లేడే ఎందుకంటే దాని సంస్కృతం పేరు అర్కం, సూర్యుడి పేరూ అర్కుడే. ఎవరూ నాటరు, నీళ్ళు పోయరు, మేకలు కూడా అంతగా మూతి పెట్టవు. బీడులో రాళ్ళ మధ్య ఎండనే తిని బతికినట్టు బతికే మొక్క. దేవుడి పేరు దానికి దక్కింది.

మిగతా సరంజామా అంతా ఆ నెల పంటే. కొత్తబియ్యం, కొత్తబెల్లం, చెరకు, రేగుపళ్ళు, చిక్కుడు. ధనుర్మాసంలో ముగ్గుల్లో పెట్టిన గొబ్బెమ్మల్ని పిడకలు చేసి, ఎండబెట్టి దాచేవాళ్ళం. తులసికోట ముందు తూర్పుకి చోటు చూసి, ఆ పిడకల మంట మీద పాలు పొంగించి, పరమాన్నం వండి, చెరకు ముక్కతో కలిపి, చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టేవాళ్ళం. చిక్కుడుకాయలకి చీపురుపుల్లలు గుచ్చి రథం చేసే పని నాది. ఎన్నేళ్ళు చేసినా నా రథం ఓ పక్కకి ఒరిగే ఉండేది.

మా సిక్కోలువాళ్ళకి, అంటే శ్రీకాకుళంవాళ్ళకి, రథసప్తమి అంటే అరసవల్లి సూర్యుడి గుడి. కళింగాన్ని ఏలిన గాంగరాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని చరిత్రగా చెబుతారు. ఇంద్రుడు వజ్రాయుధంతో తవ్వితే విగ్రహం దొరికిందని, తవ్విన చోటు ఇంద్రపుష్కరిణి అయిందని స్థలపురాణం. ఇదే తీరం వెంట పైకి పోతే కోణార్క. అక్కడా ఈ సప్తమికే చంద్రభాగలో స్నానాలు. అక్కడి గుడిలో మూలమూర్తి లేడు, పూజ లేదు. ఇక్కడ ఉన్నాయి. 2025లో ఫిబ్రవరి 4న వచ్చిన రథసప్తమిని ప్రభుత్వం రాష్ట్ర పండుగగా చేసింది. అప్పటినుంచి హడావుడి పెరిగింది, క్యూలూ పెరిగాయి.

బయటి ఊళ్ళవాళ్ళు చాలామంది రథసప్తమినాడే కిరణాలు స్వామి పాదాల మీద పడతాయనుకుని వస్తారు. అది వేరు. కిరణాలు పడేది ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతంలో, మళ్ళీ అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలో. డిసెంబరు 21కి సూర్యుడు దక్షిణపు కొసకి చేరి వెనక్కి మళ్ళుతాడు. అక్టోబరు 2 నుంచి ఆ మలుపుకి 80 రోజులు, మలుపు నుంచి మార్చి 10కి 79 రోజులు. పోతూ ఏ చోట ఉదయించాడో తిరిగొస్తూ ఆ చోటే ఉదయిస్తాడన్నమాట, నేరు తూర్పుకి కాస్త దక్షిణంగా. గుమ్మాలన్నీ ఆ గీతకి పట్టేటట్టు కట్టారు. అదీ కొద్ది నిమిషాలే. మబ్బు పట్టిందా, అదీ లేదు.

రథసప్తమినాడు దొరికేది కిరణం కాదు, నిజరూపం. అర్ధరాత్రి దాటాక క్షీరాభిషేకం. ఆ తరవాత అలంకారాలేవీ లేకుండా నల్లరాతి మూర్తి కనిపిస్తుంది. చేతుల్లో తామరమొగ్గలు, పక్కన ఉష, ఛాయ, పద్మిని, కింద అనూరుడు తోలే ఏడు గుర్రాలు. మామూలు రోజుల్లో పువ్వుల కింద, పట్టు కింద ఇవన్నీ పూర్తిగా కళ్ళకి ఆనవు. మనం తెలిసినవీ తెలియనివీ ఒప్పుకుని తలస్నానం చేసొచ్చిన రోజునే ఆయనా ఉన్నదున్నట్టు నిలబడతాడు. రెండు వైపులా దాపరికం లేని రోజు.

సూర్యుణ్ణి కర్మసాక్షి అంటాం. తెలిసి చేసిన దానికి వేరే సాక్షి ఎందుకు, నేనే ఉన్నాను కదా. సాక్షి అవసరం పడేది తెలియక చేసిన దానికే. ఏడో ఆకుకే. నేను చూడనిది చూసినవాడి దగ్గరికే వెళ్ళి, నువ్వు చూసిందేదో తీసెయ్యి స్వామీ అనాలి. ఇది నాకు శ్లోకం చదివితే తట్టింది కాదు.

ఓ ఏడాది మాఘమాసపు ఆదివారం అరసవల్లి వెళ్ళాం. ఆ ఆదివారాల్లో పుష్కరిణి చుట్టుపక్కల మూడేసి రాళ్ళు పేర్చుకుని, పిడకలు అంటించి పరమాన్నం వండుకుంటారు. మా పిడకలు సరిగ్గా ఎండలేదు. పొగే తప్ప మంట లేదు. పక్క పొయ్యి దగ్గర కూర్చున్న ఒక ముసలావిడ కాస్త జరిగింది. ఇంకాస్త జరిగింది. చివరికి లేచి ఎండలోకి పోయి, అటు తిరిగి కూర్చుంది. మేము మా పాలు ఎప్పుడు పొంగుతాయా అని గిన్నెకేసే చూస్తున్నాం. పొంగాయి, తూర్పుకే పొంగాయి, అందరం దణ్ణం పెట్టుకున్నాం.

వాళ్ళ కోడలు అగ్గిపెట్టె కోసం వచ్చినప్పుడు మాటల్లో చెప్పింది. అత్తకి కంటి ఆపరేషన్ అయిందట. చూపు బాగుంటే స్వామి దగ్గర పరమాన్నం వండుతానని మొక్కుకుందట. అది తీర్చుకుందుకే వచ్చారు.

నాన్నమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. లేచి, మొదటి చిక్కుడాకులో పెట్టిన పరమాన్నం, స్వామికి చూపించినది, పట్టుకెళ్ళి ఆవిడ ముందు పెట్టింది. "కళ్ళకని మొక్కు తీర్సుకుందుకొస్తే మేం పొగెట్టినామమ్మా" అంది. ఆవిడ నల్లకళ్ళద్దాలు పైకి నెట్టుకుని, "గాలి ఇటేసింది, మీరేటి సేత్తారు" అని ఆకు అందుకుంది. అంతకంటే మాటల్లేవు. బస్సులో వస్తూ నాన్నమ్మ ఊరొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మరుసటేడు మళ్ళీ వెళ్ళాం. ఈసారి పిడకలు బాగా ఎండినవే. అయినా పొయ్యి పెట్టేముందు నాన్నమ్మ నిలబడి చీరకొంగు కొస గాలిలోకి ఎత్తింది. అది ఎటు ఎగురుతోందో చూసింది. అటువైపు ఎవరెవరు కూర్చున్నారో చూసింది. అప్పుడు రాళ్ళు తెమ్మంది.