ఇకాలుయిట్‌లో గుణింతాలు

ఇకాలుయిట్‌లో మంచు తుఫాను వీస్తున్నందున నాకు ఒట్టావా విమానాశ్రయంలోనే ఒక రోజు గడిచిపోయింది. మరునాడు మూడు గంటలు ఉత్తరంగా ఎగిరి, చెట్టన్నది కానరాని బాఫిన్ ద్వీపం మీద దిగేసరికి మార్చి ఎండ కళ్ళు చెదిరేలా కాస్తున్నది. చలి మాత్రం సున్నాకు 27 డిగ్రీలు దిగువన ఉన్నది. కెనడా ఉత్తరాన 1999లో ఏర్పడిన నూనావూట్ ప్రాంతానికి ఇకాలుయిట్ రాజధాని. 2021 లెక్కల ప్రకారం జనాభా 7,429. నూనావూట్‌లోని 25 ఊళ్ళను కలిపే రోడ్లు లేవు. మనుషులు విమానంలో వెళ్తారు, బరువైన సరుకు వేసవిలో ఓడల మీద వస్తుంది.

నేను వచ్చిన పని ఒక ప్రకటనల సంస్థను చూడడం. హైదరాబాదులో పదకొండేళ్ళు ఇంగ్లీషు ప్రకటనలను తెలుగులోకి దించే ఉద్యోగం చేసి, ఇప్పుడు టొరంటోలో అక్షరకూర్పుతో బతుకుతున్న నాకు, ఇనూయిట్‌ల యాజమాన్యంలో నడుస్తూ ఆర్కిటిక్ ఊళ్ళకు వాళ్ళ భాషలోనే ప్రచార సామగ్రి తయారుచేసే సంస్థ ఉన్నదని తెలిసినప్పటినుండి అక్కడ పని ఎలా జరుగుతుందో చూడాలన్న కోరిక వదలలేదు. (చిన్నప్పుడు మన పాఠ్యపుస్తకాలు వీరిని ‘ఎస్కిమోలు’ అన్నాయి. ఆ మాట వారికి ఇష్టం లేదు. ఒకరైతే ఇనూక్, పలువురైతే ఇనూయిట్.)

ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల మీద ఇళ్ళన్నీ స్తంభాలపై నిలబడి ఉంటాయి కనుక, ఆ కార్యాలయానికి కూడా ఇనుప మెట్లెక్కి, బూట్లు గుమ్మం దగ్గర విడిచి వెళ్ళాను. గోడకు వేలాడుతున్న నమోదు పత్రం గురించి అడిగితే వివరించారు. ఇనూయిట్‌లకు, కెనడా ప్రభుత్వానికి మధ్య కుదిరిన 1993 నాటి నూనావూట్ ఒప్పందంలోని 24వ అధికరణం ప్రకారం ప్రభుత్వ కాంట్రాక్టులలో ఇనూయిట్ సంస్థలకు ప్రోత్సాహం ఉన్నది. అలాంటి సంస్థల జాబితాలో చేరాలంటే కనీసం 51 శాతం యాజమాన్యం ఇనూయిట్‌లదై ఉండాలి. యాజమాన్యం కాగితం మీద ఉంటే చాలదని, మాట మీద అధికారం ఎవరిదన్నదే అసలు సంగతని నాకు అరగంటలోనే అర్థమైంది.

బల్ల మీద ఒక పోస్టరు నమూనా ఉన్నది. వసంతంలో సముద్రపు మంచు పలచబడుతుంది కనుక స్నోమొబైల్ మీద బయలుదేరేముందు జాగ్రత్త పడమని చెప్పే పోస్టరు అది. భాష చూసే పెద్దావిడ దానిని పైకి చదివి ముక్కు చిట్లించారు. అక్కడ ముక్కు చిట్లిస్తే కాదని, కనుబొమలెత్తితే అవునని అర్థం. “ఇది ఇంగ్లీషులో పుట్టిన వాక్యం. మా వేటగాడు మంచును ఇలా చూడడు,” అన్నారు. మంచు ‘ప్రమాదకరం’ అని ఇంగ్లీషు ముసాయిదాలో ఉన్నదట. ఎలాంటి మంచు, ప్రవాహం దగ్గరిదా, పగులు పక్కదా అన్నది చెప్పకుండా ప్రమాదం అంటే వినేవాడికి ఏమీ చెప్పనట్టేనని ఆమె అభ్యంతరం. వారి భాష ఇనుక్టిటుట్‌లో ఒక ధాతువుకు ప్రత్యయాలు వరసగా అతుక్కుని ఒకే పదం వాక్యమైపోతుంది. ముందు ఇంగ్లీషుకు సరిపడా జాగా వదిలి, తరువాత ఇందులోకి మార్చమంటే అక్షరాలు చీమలంత అవుతాయి. తెలుగు హోర్డింగుల మీద ఆ చీమలను నేనే ఎన్నోసార్లు పేర్చాను. ఇక్కడ మాత్రం ఇనుక్టిటుట్ వాక్యం కుదిరాకే బొమ్మకు చోటు వెతుకుతున్నారు.

ఒక్క వాక్యం కుదిరినా పని పూర్తి కాదు. బాఫిన్‌లో కృతజ్ఞత చెప్పాలంటే ‘కుయన్నమీక్’ అంటారు. పశ్చిమాన కేంబ్రిడ్జ్ బే వైపు ‘కువానా’ అంటారు, పైగా అక్కడ రోమన్ లిపిలో రాస్తారు. అందుచేత ఒకే పోస్టరు రెండు మూడు రూపాలలో వెళ్తుంది, అదే మాట ఊరి రేడియోలో ఆ ఊరివారి గొంతుతో వినిపిస్తుంది. దుకాణం నోటీసు బోర్డు, రేడియో, ఫేస్‌బుక్, ఈ మూడింటినీ దాటి పోయే వార్త ఉండదని అక్కడివారు నవ్వుతూ చెప్పారు. పొరపాటు జరిగినా అంతే వేగంగా పాకుతుంది. ఇకాలుయిట్ అంటే చేపలు విస్తారంగా ఉండే చోటు. ఇంగ్లీషు అలవాటు కొద్దీ క్యూ పక్కన ఒక యూ చేర్చి రాస్తే పిరుదులు తుడుచుకోనివాళ్ళన్న అర్థం వస్తుంది. 2009లో సాక్షాత్తూ కెనడా ప్రధాని కార్యాలయమే ఒక ప్రకటనలో ఆ పని చేసింది.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినది లిపి. ఒక కోణం పైకి చూస్తే ‘పి’, కుడికి చూస్తే ‘పు’, ఎడమకు చూస్తే ‘ప’. అదే ఆకారాన్ని చిన్నదిగా చేసి పైన పెడితే పొల్లు. తలకట్టు, గుడి, కొమ్ము ఇవ్వకుండా అక్షరాన్నే తిప్పే గుణింతమన్నమాట. 1840లో జేమ్స్ ఇవాన్స్ అనే మతప్రచారకుడు కెనడా ఆదివాసుల క్రీ భాష కోసం రూపొందించిన ఈ పద్ధతికి దేవనాగరి పరిచయం కూడా ఒక ప్రేరణ అని లిపి చరిత్రకారులు అంటారు. యూనికోడ్‌కు ముందు వారికి ప్రోసిల్, నూనాకామ్ ఫాంట్లు ఉండేవి. ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనబడేది. తెలుగులో పాత అను ఫాంట్లతో తల బద్దలుకొట్టుకున్నవారికి దీన్ని వివరించనక్కరలేదు. నూనావూట్ ప్రభుత్వానికి పిగియార్నిక్ ఫాంటును రూపొందించిన టైరో టైప్‌వర్క్స్ వారే ‘టైరో తెలుగు’ ఫాంటును కూడా చేశారని చెప్పగానే పెద్దావిడ కనుబొమలెత్తారు.

వెళ్ళేముందు నా పేరు రాసివ్వమని కాగితం చాపాను. శేషగిరి అని మూడుసార్లు పలికించుకున్నారు. వారి లిపిలో ఉన్నవి ఇ, ఉ, అ అనే మూడు అచ్చులే. ‘ష’ అసలు లేదు. ఆమె కాసేపు ఆలోచించి నాలుగు గుర్తులు గీసి, చివరి దాని మీద వేలుంచి చదివి వినిపించారు: “సిసగిరి.” సరిగ్గా ఉన్నదా అన్నట్టు నా ముఖం వైపు చూశారు. నోటితో జవాబు చెప్పకుండా కనుబొమలెత్తాను.