నివురు కింద నిప్పు, నిప్పు కింద నీరు

ఈ రోజు పెద్దగా పనేమీ లేకపోవడంతో, మధ్యాహ్నం నుంచి పినతుబో అగ్నిపర్వతం ఫోటోలు ముందు వేసుకుని కూర్చున్నాను. 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లోని ఆ కొండ బద్దలైనప్పుడు, వేడి వాయువులూ బూడిదా నురగరాళ్లూ కలిసి వాలుల వెంట దూసుకువచ్చి, చుట్టూ ఉన్న లోయలను కొన్నిచోట్ల 200 మీటర్ల మందాన పూడ్చివేశాయి. అందరూ ఆ ఒక్క రోజు గురించే రాస్తారు కానీ, నన్ను కదలనివ్వనివి ఆ తర్వాతి వానాకాలాలు.

అంత మందమైన బూడిద వేడిని అంత తేలికగా వదలదు. పైపొర చల్లారినట్టే కనిపించినా, లోపల నివురుగప్పిన నిప్పులా వందల డిగ్రీల వేడి ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. పైన కురిసిన చినుకు చాలావరకు అక్కడికక్కడే ఆవిరైపోతుంది కాబట్టి, నా దృష్టిలో దానికంటే ప్రమాదకరమైనది అడుగునో పక్కనో చేరే నీరు. మామూలు వాతావరణ పీడనం వద్ద నీరు ఆవిరిగా మారితే సుమారు 1,600 రెట్లు వ్యాకోచిస్తుంది. ఆ ఆవిరికి దారి దొరకకపోతే, మీద ఉన్న బూడిదనంతా ఎగజిమ్ముతుంది. ఒక ఫోటోలో వాగు కోసిన గట్టు నిలువుగా నిలిచి ఉంది, దాని పాదం దగ్గర పెళ్లలు విరిగి నీళ్లలో పడుతున్న చోట తెల్లటి ఆవిరి లేస్తోంది. పినతుబోలో ఇలాంటి చోట్ల పుట్టిన పేలుళ్లు కొండ శాంతించాక కూడా కొన్నేళ్లు సాగాయి, బూడిదను కిలోమీటర్ల ఎత్తుకు లేపాయి.

1980లో అమెరికాలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం వద్ద స్పిరిట్ సరస్సు పరిసరాల్లోనూ ఇదే జరిగి, 5 నుంచి 100 మీటర్ల వెడల్పున్న గుంతలు మిగిలాయి. చూడటానికి చిన్న అగ్నిబిలాల్లా ఉన్నా, వాటి కింద శిలాద్రవం వచ్చే గొట్టమేదీ లేదు.

అలాస్కాలో మాత్రం కథ నెమ్మదిగా నడిచింది. 1912లో నోవరుప్తా అగ్నిపర్వతం కుమ్మరించిన బూడిద నదినీ మంచునూ కప్పేసింది. 1916లో అక్కడికి చేరిన అమెరికన్ వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ గ్రిగ్స్ ఎటు చూసినా ఆవిరి స్తంభాలే కనిపించడంతో దానికి పదివేల పొగల లోయ అని పేరు పెట్టారు. 1919లో కొన్ని రంధ్రాల దగ్గర 645 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ఆ ఆవిరి శిలాద్రవం నుంచే వస్తోందని ఆయన అనుకున్నారు, కానీ అందులో అధికభాగం పూడుకుపోయిన నీళ్లదే. పగుళ్లు దారి ఇచ్చినంతకాలం అది అలాగే పొగలుగా పోయి, 1930ల నాటికి చాలావరకు అణగిపోయింది.

అలా దూసుకువచ్చే వేడి బూడిద ప్రవాహం ఆగకముందే నీటిని తాకితే ఏమవుతుందనేది వేరే లెక్క. 2003 జూలైలో కరేబియన్ దీవి మాంట్సెరాట్‌లో సముద్రంలోకి దిగిన ప్రవాహం అక్కడ పేలి, ఒక వేడి గాలితరంగాన్ని తిరిగి ఒడ్డు మీదికే పంపింది. రేపు దాని సంగతి చూడాలి.