క్లిప్‌బోర్డు ముందర మైనస్

ఆదివారం. తిరుపతిలో బైరాగిపట్టెడ.

పొద్దున ఏడు కూడా కాలేదు, అక్క కొడుకు ల్యాప్‌టాపు చంకలో పెట్టుకుని దిగినాడు. ఎమ్‌సీఏ చదువుతా ఉన్నాడు. దోశలు పోస్తామంటే "తర్వాత తింటాలే అత్తా" అని నేరుగా నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్లో నాలుగు లైన్లు కాపీ చేసి బ్రౌజర్లో అతికిస్తే రావడంలేదంట. రాత్రంతా సెట్టింగుల ఫైలుతో కుస్తీ పట్టి ఏవేవో రాసి పెట్టుకున్నాడు. "నువ్వెన్ని రాసినా రాదురా, నీ విమ్‌లో ఆ సరుకే లేదు" అని, విమ్ పక్కన డ్యాష్ డ్యాష్ వెర్షన్ అని కొట్టి చూపించినాను. ప్లస్‌లూ మైనస్‌లూ బారులు తీరినాయి. ప్లస్ అంటే ఆ సౌకర్యం లోపల ఉన్నట్టు, మైనస్ అంటే లేనట్టు. కాపీ చేసిన ముక్కను వేరే ప్రోగ్రాములకు అందించేది క్లిప్‌బోర్డు. క్లిప్‌బోర్డు ముందర మైనస్. బిల్డు చేసేటప్పుడు, అంటే సోర్సు కోడును ప్రోగ్రాముగా మార్చేటప్పుడు, లోపలికి పోని దాన్ని తర్వాత ఏ సెట్టింగూ తీసుకురాలేదు.

"సోర్సు దించి మనమే బిల్డు చేద్దాం పా" అన్నాను. ఆదివారం పూట నాకు ఇట్లాంటి పనుల మీద మహా సరదా.

ఇప్పుడు విమ్‌కి సౌకర్యాలను బట్టి మూడే సైజులు: టైనీ, నార్మల్, హ్యూజ్. వాడు హ్యూజ్ అన్నాడు. మిషన్‌లో ఏమేమున్నాయో చూసుకునే కాన్ఫిగర్ నడిపించి, బిల్డు చేసే మేక్ కొట్టి, దోశలకు పోయినాము. ఊరిబిండితో నాలుగు దోశలు లాగించి వచ్చేసరికి బిల్డు అయిపోయింది. చూస్తే మళ్ళీ మైనసే.

"హ్యూజే పెట్టినాము కదా మామా!"

వాడి లినక్సులో క్లిప్‌బోర్డు విమ్ సొంత ఆస్తి కాదు. తెర మీద కిటికీలు చూపించే ఎక్స్ సర్వరు అనే పెద్దమనిషి మధ్యవర్తిగా ఉంటాడు. మనం కాపీ చేసిన ముక్కను ఆయన కూడా దాచిపెట్టడు. కాపీ చేసిన ప్రోగ్రామే దాన్ని పట్టుకుని ఉండి, ఎవరైనా అడిగితే ఇస్తుంది. ఆయనతో మాట్లాడాలంటే బిల్డు సమయానికి ఎక్స్ హెడర్లు, అంటే బిల్డుకు కావలసిన ఫైళ్ళు, మిషన్‌లో ఉండాల. మావాడి దాంట్లో వాటిని తెచ్చే లిబ్‌ఎక్స్‌టీ-డెవ్ ప్యాకేజీ లేదు. లేదని కాన్ఫిగర్ ఆగిందా? లేదు. వరదలాగా కారిపోయే లైన్ల మధ్య ఎక్కడో "నో" అని ఒక చిన్న ముక్క రాసి తన దోవన తాను పోయింది. పెళ్ళికి రానని చెప్పకుండా ఎగ్గొట్టే చుట్టం మాదిరి. రాకపోతే పోయె, ఒక మాట చెప్తే విస్తరి తీసేస్తాము కదా! ఈ సంగతి తెలిసి కూడా ముందుగా హెడర్లు చూసుకోకపోవడం నా బుద్ధి తక్కువే, అది వేరే విషయం.

హెడర్లు వేసి మళ్ళీ మేక్ కొట్టినాను. అప్పుడూ మైనసే. ఉట్టి మేక్ కొడితే కాన్ఫిగర్ మళ్ళీ నడవదు, పాత జవాబులే పట్టుకుని కూర్చుంటుంది. మేక్ రీకాన్ఫిగ్ అన్నాక గాని ప్లస్ రాలేదు.

"విండోస్‌లో కూడా ఇంత రామాయణం ఉంటుందా?" అన్నాడు. ఈ రామాయణం ఉండదు, అక్కడ క్లిప్‌బోర్డు ఎప్పుడూ ఉండేదే. అక్కడి తకరారు ఇంకోటి. కంపైలర్లలో మింగ్‌డబ్ల్యూకి ఒక మేక్ ఫైలు, విజువల్ సీకి ఇంకొకటి. జీయూఐ ఎస్ అంటే సొంత కిటికీలో తెరుచుకునే జీవిమ్ వస్తుంది, నో అంటే టెర్మినల్లో నడిచే మామూలు విమ్ వస్తుంది. రెండూ కావాలంటే రెండుసార్లు బిల్డు చేయాల్సిందే. లినక్సులో జీవిమ్ అనేది విమ్‌కే తగిలించిన ఇంకో పేరు, అంతే. మ్యాక్‌లోనైతే డార్విన్ అనే ఆప్షను దానంతటదే ఆన్ అయి ఉంటుంది, ఎక్స్ లేకపోయినా క్లిప్‌బోర్డు పనిచేస్తుంది.

వాడు ఉట్టి విమ్ తెరిస్తే ఉగాండా పిల్లలకు సాయం చేయమనే లైను కనబడింది. "ఇదేంది మామా?" విమ్ రాసిన బ్రామ్ మోలెనార్ గురించి చెప్పినాను. 1991లో అమిగా అనే అప్పటి కంప్యూటరు కోసం బయటపెట్టినాడు, 1992లో యూనిక్సుకు తెచ్చినాడు, 2023 ఆగస్టు 3న పోయినాడు. అమిగా అంటే ఏందో వాడికి తెలీదు. నేనూ కంటితో చూసింది లేదు.

కొత్త విమ్‌లో ముందుగా "గోవిందరాజస్వామి" అని కొట్టి చూసినాను. టెర్మినల్లో "స్వా" విడిపోయి, "స్" ఒక గడిలో, "వా" ఒక గడిలో నిలబడినాయి. ఆ ప్లస్ మైనస్‌ల జాబితాలో అరబిక్‌కు ప్లస్ ఉంది. మన వత్తులకు ప్లస్ లేదు, మైనస్ కూడా లేదు. పట్టించుకుని లేదనడానికైనా అక్కడ మన పేరుండాల కదా. కొంచెం సేపు మనసు చివుక్కుమంది.

ఇంతలో వాడు ఫోనులో ఏదో వెతికి, "మామా, విమ్-జీటీకే3 అని రెడీమేడ్ ప్యాకేజీ ఉందంట. క్లిప్‌బోర్డు అందులోనే వస్తుందంట."

"ఉంది."

"నీకు తెలుసా?"

"తెలుసు. చెప్పుంటే దోశలు తినకుండా పోతావని చెప్పలేదు."

బండెక్కి పోయినాడు. సాయంత్రం ఫోను చేసినాడు. "కాపీ బాగా అయితా ఉంది మామా. కానీ పైథాన్3 ముందర మైనస్ ఉందే?"

అది విమ్ లోపల పైథాన్ నడిపించేది, అడిగితేనే పెట్టే ఆప్షను, మనం అడగలేదు. వచ్చే ఆదివారం రమ్మన్నాను. ఆ రెడీమేడ్ ప్యాకేజీలో అది కూడా ఉంటుందని ఇంకా చెప్పలేదు.