తెలిసే తప్పు మ్యాపు గీసినాయన

నిన్న రాత్రి రెండింటిదాకా పాత మ్యాపులు చూస్తూ కూర్చున్నా, పొద్దున ఆఫీసులో ఒకటే ఆవలింతలు. అంతా మెర్కేటర్ పుణ్యమే. స్కూల్లో గోడకి వేలాడే ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపించేది గుర్తుందా, ఆ పద్ధతి 1569లో తెచ్చింది ఈయనే. అంతటోడు 66 ఏళ్ల వయసులో, 1578లో, ఇండియాకి కింద మొన అనేదే లేని మ్యాపు గీసి అచ్చేయించాడు. తెలియక కాదు, తెలిసే.

ఎందుకంటే అది టాలెమీ అనే పాతకాలపు గ్రీకు పండితుడి లోకం. క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని ఓ 8000 చోట్లకి అక్షాంశాలు రేఖాంశాలు రాసిపెట్టాడాయన. 1400ల మొదట్లో ఆ గ్రీకు పుస్తకం లాటిన్‌లోకి రాగానే యూరప్ వాళ్లు దానిమీద పడ్డారు, తర్వాత ఓడలు తిరిగొచ్చి కొత్త తీరాలు చెప్తుంటే అవి కూడా పాత పుస్తకంలోనే అతికించి అచ్చేసుకుంటూ పోయారు. మెర్కేటర్‌కి అది నచ్చలేదు. కొత్తవి నా మ్యాపుల్లో చూసుకోండి, ఇక్కడ మాత్రం టాలెమీ ఏం చెప్పాడో అదే గీస్తా అన్న టైపు. అదేం ఈజీ కాదు, గ్రీకులో అంకెలు కూడా అక్షరాలతోనే రాస్తారు కదా, నకలు రాసేవాడు ఒక్క అక్షరం తప్పు చదివాడంటే ఊరు ఊరంతా వెళ్లి సముద్రంలో పడుద్ది. రకరకాల ఎడిషన్లు ముందేసుకుని పోల్చుకుంటూ కూర్చున్నాడు పాపం.

మాది కృష్ణా జిల్లా, కాబట్టి నేను ముందు తీసింది ఆసియా పదో పటం, ఇండియా ఉండేది అందులోనే. పడమటి తీరం కిందికి దిగాల్సింది పోయి తూర్పుకి సాగిపోతుంది, శ్రీలంకేమో బ్రహ్మాండం. టాలెమీ జాబితాలో తూర్పు తీరాన మైసోలియా అనే ప్రాంతం ఉంటుంది, మైసోలస్ అనే నది కూడా, అది కృష్ణ అని కొందరు గోదావరి అని కొందరు (మా ఇంట్లో అడిగితే కృష్ణే). అక్కడే కొంటకొస్సుల అనే వర్తకుల ఊరు. నాగార్జునకొండ శాసనంలో కంటకసెల అని ఉన్నది ఇదే, అంటే మన ఘంటసాల! ఆ పేరు చెప్తే మా ఇంట్లో అందరూ పాటలందుకుంటారు గానీ, ఊళ్లో బౌద్ధ స్తూపం ఉందని నాకే మొన్నటిదాకా తెలీదు. చిన్నప్పుడు బస్సులో ఎన్నిసార్లు దాటెళ్లానో, ఒక్కసారీ దిగలేదు.