సన్ కోరల్ ఇచ్చాను, షరతు మీద

నా ఉప్పునీటి అక్వేరియంలో పెంచుతున్న సన్ కోరల్ అనే పగడం నుంచి ఒక ముక్క తీసి నిన్న ఒక స్నేహితుడికిచ్చాను. అడగ్గానే ఇవ్వలేదు లెండి. "తిండి పెట్టే ఓపికుందా?" అని పదేపదే అడిగాకే ఇచ్చాను.

చాలా రకాల పగడాల ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు (నాచు లాంటివి) వెలుతురుతో ఆహారం తయారుచేసి పెడతాయి. సన్ కోరల్‌కి (శాస్త్రీయ నామం ట్యూబాస్ట్రియా) ఆ సదుపాయం లేదు, ఎంత ఖరీదైన లైటు పెట్టినా ఒకటే. లైట్లు తగ్గించి, గడ్డకట్టించిన మైసిస్ అనే చిట్టి రొయ్యలు కరిగించిన నీళ్లు కాస్త వదలాలి. వాసన తగిలాక, అంతవరకూ ముడుచుకున్న నారింజ రంగు మొటిమల్లోంచి పసుపు టెంటకిల్స్ మెల్లగా బయటికొస్తాయి. అప్పుడు పంపు ఆపి, పిపెట్‌తో ఒక్కో నోటికీ అందించాలి. ఈలోగా ట్యాంకులోని క్లీనర్ ష్రింప్ అనే రొయ్య వచ్చి నోట్లోది లాక్కుపోతుంది. అసలు పని దాన్ని కాపలా కాయడమే!

మిగిలింది కుళ్లితే నైట్రేటు, ఫాస్ఫేటు పెరుగుతాయి. నీళ్లలోని మలినాల్ని నురగగా తీసేసే స్కిమ్మర్, నీళ్ల మార్పిడి తప్పవు.

కార్నేషన్ కోరల్ కూడా ఉందా అన్నాడు. లేదు, పెట్టను కూడా. ఆ డెండ్రోనెఫ్థియాకి కంటికి ఆనని ప్లవకాలు (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) దాదాపు ఎడతెరిపి లేకుండా అందుతుండాలి. రంగు చూసి మురిసి తెచ్చుకుంటే చాలా ట్యాంకుల్లో ఆకలితో కుంచించుకుపోతుంది. అది సముద్రంలోనే ఉండనీ.