శుద్ధరాత్రి పాటలో మనం పాడని చరణం

క్రిస్మస్ ముందు రాత్రి కొవ్వొత్తులు చేతబట్టి మన సంఘాల్లో 'శుద్ధరాత్రి' పాడుకుంటాం. దీని మూలం జర్మన్ భాషలో ఉంది. అందులో ఉన్నవి ఆరు చరణాలు. 1859లో జాన్ ఫ్రీమన్ యంగ్ అనే అమెరికన్ క్రైస్తవ గురువు ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు వాటిలో మొదటిది, ఆరవది, రెండవది మాత్రమే తీసుకున్నాడు. లోకంలో ఎక్కువగా వినిపించేవి ఆ మూడే. పక్కన ఉండిపోయినవాటిలో నాలుగో చరణం నన్ను కొన్నేళ్లుగా వదలడం లేదు. దాని భావం ఇది: ఈ రాత్రి తండ్రి ప్రేమ తన బలమంతటినీ కుమ్మరించింది, యేసు సహోదరుడై లోకంలోని జనములన్నిటినీ దయతో కౌగిలించుకున్నాడు.

తండ్రి ప్రేమ, సహోదరుని కౌగిలి. ఈ మాటలు రాసిన జోసెఫ్ మోర్ పుట్టుక ఎలాంటిదో తెలిశాక నేను ఆ చరణాన్ని మునుపటిలా చదవలేకపోయాను.

మోర్ 1792 డిసెంబరు 11న, నేటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో పుట్టాడు. తల్లి అన్నా షోయిబర్‌కు పెళ్లి కాలేదు. తండ్రి సిపాయి, బిడ్డ పుట్టకముందే సైన్యాన్నీ, ఆమెనూ విడిచి పారిపోయాడు. బాప్తిస్మపు రిజిస్టరులో జ్ఞానతండ్రిగా నమోదైనది ఊరి తలారి, మరణశిక్షలు అమలు చేసే మనిషి. నలుగురూ తాకడానికి జంకే ఇంటి పేరే ఆ పసివాడికి ఆసరా అయింది. కథీడ్రల్ గానబృందాన్ని చూసుకునే ఒక గురువు అతని గొంతు విని, చేరదీసి చదివించాడు. గురువిద్యాలయంలో చేరడానికి కూడా, వివాహం వెలుపల పుట్టినవాడు గనుక, ప్రత్యేక అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. 1815లో గురువుగా అభిషేకం పొందాడు.

మరుసటి ఏడు, 1816లో, మరియాఫార్ అనే కొండ ఊరిలో సహాయ గురువుగా ఉన్నప్పుడు ఈ కవిత రాశాడు. నెపోలియన్ యుద్ధాలు ముగిసి ఏడాదే అయింది. సాల్జ్‌బర్గ్ ప్రాంతం పాలకుల మధ్య చేతులు మారుతూ వచ్చి, ఆ ఏడే పొరుగున ఉన్న జర్మన్ రాజ్యం బవేరియా నుంచి ఆస్ట్రియాకు దక్కింది. సైనికులు వచ్చిపోయిన నేల మీద కూర్చుని ఒక యువకుడు 'జనములన్నిటినీ' అని రాశాడు. ఒక్క తన జనాన్ని అనలేదు.

తర్వాత అతన్ని ఓబెర్న్‌డోర్ఫ్‌కు పంపారు. సాల్జాక్ నది ఒడ్డున ఉప్పు పడవల మీద బతికే ఊరు అది. నదికి అవతల ఉన్న లౌఫెన్, ఇవతల ఉన్న ఓబెర్న్‌డోర్ఫ్ అంతకుముందు ఒకే పట్టణం. 1816లో నదినే సరిహద్దు చేశారు. ఒక ఒడ్డు బవేరియాది, మరో ఒడ్డు ఆస్ట్రియాది. ఆ ఊరిలోనే, 1818 డిసెంబరు 24న, మోర్ తన కవితను ఫ్రాంజ్ గ్రూబర్ చేతికిచ్చాడు. గ్రూబర్ నేతగాని కొడుకు, పక్కనున్న ఆర్న్స్‌డోర్ఫ్‌లో బడిపంతులు, ఓబెర్న్‌డోర్ఫ్ దేవాలయంలో ఆర్గన్ వాయించేవాడు. రెండు గొంతులకు, గానబృందానికి, గిటార్‌కు తగిన రాగం కట్టమని అడిగితే ఆ సాయంత్రానికే కట్టి ఇచ్చాడు. ఆ రాత్రే ఇద్దరూ కలిసి పాడారు, గిటార్ మోర్‌ది. ఎలుకలు ఆర్గన్ తిత్తిని కొరికేయడం వల్లే గిటార్ పట్టారన్న కథ చాలామంది చెబుతారు గానీ, గ్రూబర్ స్వయంగా రాసిన వివరణలో ఎలుకల ప్రస్తావనే లేదు.

ఆ వివరణ రాయవలసిన అవసరం 1854లో వచ్చింది. అప్పటికి పాట దూరదేశాలకు పాకిపోయింది. ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతపు గాయక కుటుంబాలు దాన్ని ఊరూరా పాడాయి, అమెరికా దాకా మోసుకెళ్లాయి. రాసినవారి పేర్లు మాత్రం దారిలో జారిపోయాయి. ఇది సాల్జ్‌బర్గ్ సంగీతకర్త మైకేల్ హైడన్ కట్టినదేనా అని బెర్లిన్ రాజాస్థానం సాల్జ్‌బర్గ్‌కు కబురు పంపింది. గ్రూబర్ డిసెంబరు 30న జవాబు రాసి పెట్టాడు. అందులో మోర్ పేరును చెప్పవలసిన చోట చెప్పాడు. కానీ మోర్ లేడు. వాగ్రైన్ అనే ఊరిలో పేద పిల్లల బడి కోసం పాటుపడి, ఆరేళ్ల కిందటే, 1848 డిసెంబరు 4న, ఏమీ కూడబెట్టుకోకుండా కన్నుమూశాడు. 1995లో మోర్ చేతిరాత ప్రతి ఒకటి బయటపడింది. రచన తనదని, సంవత్సరం 1816 అని, రాగం గ్రూబర్‌దని అందులో అతనే రాసుకున్నాడు. ఇద్దరూ ఎవరి వాటాను వారికే చెందనిచ్చారు. నాకు ఇది కూడా ఆ చరణంలోని సహోదరత్వంలో భాగంగానే కనిపిస్తుంది.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక రెండో అధ్యాయం పదకొండో వచనంలో, తాను పరిశుద్ధపరచేవారిని సహోదరులని పిలవడానికి యేసు సిగ్గుపడడు అని ఉంది. ఈ వచనాన్ని మోర్ పక్కన పెట్టి చదవండి. లోకం సిగ్గుపడిన పుట్టుక అతనిది. తండ్రి ముఖం ఎరుగడు. అలాంటివాడు పశువుల తొట్టి ముందు నిలబడి, దేవుని ప్రేమకు 'తండ్రి' అన్న పేరు తప్ప మరొకటి వెతకలేదు. తనకు దక్కనిదాని మీద అతనికి చేదు లేదా అంటే, ఆ మనసు లోపల ఏముందో దేవునికే ఎరుక. పాటలో మాత్రం చేదు లేదు. తొట్టిలో పడుకున్న శిశువును అతను సహోదరుడన్నాడు. ఆ శిశువు కూడా సత్రంలో చోటు దొరకని తల్లికి పుట్టినవాడే. కులం, ఊరు, పుట్టుక అడిగి మరీ మనిషికి పీట వేసే అలవాటు మన సంఘాల్లో ఇంకా పోలేదు. మనం వదిలేసిన చరణమే మనకు ఎక్కువ అవసరమైనదని అందుకే గట్టిగా అనుకుంటున్నాను.

ఈ డిసెంబరు 24న మా ఆరాధనలో లూకా రెండో అధ్యాయం తర్వాత హెబ్రీయుల ఆ వచనం చదువుతాం, ఆ వెంటనే నాలుగో చరణం భావాన్ని తెలుగులో వినిపిస్తాం. పాట ఆ తర్వాతే.